నేల మీది సూర్యుడు

అర్కవాటీ నగరంలో పొద్దుపొడుపు మొదట దినమణి పీఠం గుమ్మటం మీద కనిపిస్తుంది. వీధులు ఇంకా మసకలో ఉండగానే ఆ రాగిరేకుల అంచున కుంకుమరేఖ లాంటి వెలుగు పాకుతుంది. చూస్తుండగానే అది నారింజరంగుకు తిరిగి, బంగారమై, కిందనున్న పాలరాతి మేడల మీదికి, పావురాల గూళ్ల మీదికి, కోట కందకంలోని కలువల మీదికి జారుతుంది. అప్పుడు పీఠంలో నగారా మోగుతుంది. నగారా వినిపించాకే ఊళ్లో పొయ్యి వెలగాలి, పాలు పితకాలి, పెళ్లికూతురు పుట్టింటి గడప దాటాలి.

ఆ ఉదయం నగారా మోగలేదు. దాని బదులు కొమ్ము ఊదారు. కొమ్ము ఊదితే ఆ రోజు పీఠంలో విచారణ ఉందని అర్థం. ఇళ్లల్లో ఆడవాళ్లు చేతిలో పని ఆపి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

పాల చెంగమ్మ ఇంటి పశువుల కొట్టంలో అరింజయుడు ఆ కొమ్ము విని, చేతిలోని గాజుబిళ్లను మరొక్కసారి గుడ్డతో తుడిచాడు.

అతను కుముదదేశపు రాజుకు చిన్నకొడుకు. నక్షత్రాల నడక నేర్చుకోవాలని, గుమ్మంలో నిలబడి తల్లి పిలుస్తున్నా వెనక్కి తిరిగి చూడకుండా కోట విడిచి వచ్చేశాడు. వచ్చి అనిమిషాచార్యుడి ఆశ్రమంలో గాజులు అరగదీసే శిష్యుడిగా కుదిరాడు. ఆ ముసలాయన దగ్గర కాలం ఎలా గడిచిందో తెలియకముందే పీఠం భటులు వచ్చి ఆయన్ను పట్టుకుపోయారు.

ఆయన చేసిన నేరం సూర్యుణ్ణి చూడడం.

దినమణి స్వామి ముఖంలో మచ్చ లేదు. ఆ మాట మీదే పీఠం నిలబడింది. తలెత్తి సూర్యుణ్ణి చూడడం ఆ దేశంలో అపచారం. అందుకే పూర్వులు ఆ గుమ్మటం కట్టి, దాని దక్షిణపు వాలులో అరచేయంత రంధ్రం ఉంచారు. ఆ రంధ్రంలోంచి దిగిన ఎండ కింద చీకటి మండపంలో నేల మీద గుండ్రటి వెలుగుగా పడుతుంది. జనం దానికే మొక్కుతారు. మధ్యాహ్నం ఆ వెలుగు నేలలో పొదిగిన ఇత్తడి గీతను దాటుతుంది. గీత మీద ఏ చోట దాటిందో చూసి పండుగలూ, విత్తనాలు చల్లే రోజులూ చెబుతారు. దాటే వేళ దానికి పాలతో స్నానం చేయిస్తారు.

ఆ గీత పొదిగించింది కూడా అనిమిషాచార్యుడే. వయసులో ఉండగా తన సహాధ్యాయి ధ్రువతీర్థుడితో కలిసి ఆ పని చేశాడు. ఇద్దరూ ఒకే విస్తట్లో తిని ఒకే దుప్పటి కప్పుకుని పెరిగినవాళ్లు. ధ్రువతీర్థుడు తర్వాత పీఠాధిపతి అయ్యాడు. ఆచార్యుడు కొండ మీద ఆశ్రమం కట్టుకుని, దూరాన ఉన్నదాన్ని దగ్గరగా చూపే గొట్టం ఒకటి తయారుచేశాడు. దానికి మసి పట్టించిన గాజు తగిలించి చూస్తే సూర్యుడి ముఖం మీద నల్లటి మచ్చలు కనిపించాయి. రోజురోజుకీ అవి కాస్త కాస్త జరుగుతున్నాయి కూడా. ఈ సంగతి దాచుకోవాలని ఆయనకు తోచలేదు. స్వామిని గురించి కొత్త విషయం తెలిసింది, పీఠం సంతోషిస్తుందనుకుని చెప్పులైనా వేసుకోకుండా కొండ దిగి వచ్చాడు.

ఆ నేరానికి శిక్ష కళ్లు తీయించడం. తీసిన కళ్లు పీఠం మాంత్రికుడు నేత్రభైరవుడి సొత్తు అవుతాయి. "నేను చూడలేదు" అని సభలో చెబితే ఆ శిక్ష తప్పుతుంది. ఆచార్యుడు చెప్పనంటున్నాడు. ఈ మధ్యాహ్నంతో గడువు తీరిపోతుంది.

అరింజయుడి ఉపాయం ఒక్కటే. గుమ్మటం రంధ్రంలో తగిన గాజు బిగిస్తే నేల మీది మసక వెలుగు తేరుకుని అసలైన సూర్యబింబం అవుతుంది. మచ్చలు అందరికీ కనిపిస్తాయి. ఊరంతా చూశాక, చూసినందుకు ఒక్కడి కళ్లు ఎలా తీస్తారు? గుమ్మటం ఎత్తుకు సరిపోయేలా, అన్నం నీళ్లు మాని, ఆ గాజును అరగదీశాడు. అంతవరకే ఆలోచించాడు. అంతకుమించి ఆలోచించేవాళ్లు అతని దగ్గర ఎవరూ లేకపోయారు.

చెంగమ్మ పాలకుండ పట్టుకుని కొట్టంలోకి వచ్చింది. పీఠానికి పాలు పోసే వంశం ఆమెది. విచారణ రోజున ఒక కుండ పాలు గుమ్మటం పైకి మోసుకెళ్లి రంధ్రం అంచు కడిగే హక్కు కూడా ఆ ఇంటి ఆడవాళ్లదే.

చీర కట్టుకుని, ముసుగు వేసుకుని నిలబడ్డ అరింజయుణ్ణి ఆమె ఎగాదిగా చూసింది.

"ఏదీ, నాలుగడుగులు నడువు."

నడిచాడు.

"ఆ నడకేంది నాయనా! నెత్తిన కుండ పెట్టుకున్న ఆడది అట్టా నడవదు. ఇప్పుడే గుర్రం దిగొచ్చినోడి మాదిరి ఉండావు."

"ఇలా అయితే సరా చెంగమ్మక్కా?"

"అక్కా అనమాక. పీఠంలో అత్తా అను. నువ్వు మా చిన్నోడి పెళ్లానివి, కొత్తగా కాపరానికొచ్చావు. అసలు నోరే తెరవమాక. కొత్త కోడలు మాట్లాడకపోతే ఎవుడూ అనుమానపడడు, మా ఇంట్లో తప్ప."

గాజుబిళ్లను పాలకుండలోకి జార్చాడు. తెల్లటి పాలల్లో అది జాడ లేకుండా మునిగిపోయింది. చెంగమ్మ దాన్నే చూస్తూ గొంతు తగ్గించింది.

"ఇది ఏం చేసుద్దో నాకు తెల్వదు. ఆచారి గారి కళ్లు నిలబడతాయన్నావు, అది చాలు. మా దూడకి జబ్బు చేస్తే రాత్రంతా కూసున్న మహానుభావుడాయన. కానీ నాయనా, స్వామికి ఏం గాదుగా?"

"స్వామికి ఏమీ కాదత్తా."

"ఒట్టు?"

"ఒట్టు."

అతను నిజమే చెప్పాడు. ఆమె అడిగిందొకటి, తను జవాబిచ్చింది మరొకటి అని అప్పటికి అతనికి తెలియదు.

పీఠం సింహద్వారం ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. ద్వారపాలకుడు బుర్రమీసాలవాడు, బల్లెం అడ్డం పెట్టి నవ్వాడు.

"ఏం చెంగమ్మా, కోడల్ని తెచ్చుకున్నావంట. తాటిచెట్టంత ఉందే!"

"మావోడు పొట్టోడు. పుట్టే పిల్లలన్నా మధ్యరకంగా ఉంటారని చేశా. నీకేంటి నొప్పి?"

"ముసుగు తియ్యమను, చూద్దాం."

"మీ అమ్మని పిలువు, ఆమె చూసుద్ది. కొత్త కోడలి మొహం మగోళ్లు చూస్తే పాలు విరుగుతాయి. అభిషేకం వేళకి పాలు విరిగినయ్యంటే పీఠంలో నీ పేరే చెప్తా."

చుట్టూ జనం నవ్వారు. ద్వారపాలకుడి మొహం చిన్నబోయింది. ఊరికే వదలడం ఇష్టంలేక బల్లెం తిప్పి, దాని పిడిని పాలకుండలో దించబోయాడు.

"మైలకర్ర! స్వామి పాలల్లో మైలకర్ర!" అని చెంగమ్మ గుండెలు బాదుకుంది. జనం ఒక్కసారిగా అటు తోసుకొచ్చారు. వాడు బల్లెం వెనక్కి లాక్కున్నాడు. ఆ గందరగోళంలో అత్తాకోడళ్లిద్దరూ ద్వారం దాటేశారు.

మెట్ల మొదట్లో చెంగమ్మ ఆగింది. "నా మోకాళ్లు ఇక లేవవు. ఇంతవరకే నేను. పైన ఆ గూళ్లు... ఎప్పుడెక్కినా కళ్లు మూసుకుని గోడ తడుముకుంటా ఎక్కేదాన్ని. జాగర్త నాయనా." అతని ముసుగు సర్ది, నిజంగా కోడల్నే పంపుతున్నట్టు బుగ్గ నిమిరి, వెనక్కి తిరిగి మండపంలోని జనంలో కలిసిపోయింది.

గుమ్మటం చుట్టూ పాములా చుట్టుకుని పైకెక్కే మెట్లదారి అది. అడుగడుగునా చంద్రకాంతపు రాళ్లు పొదిగిన గూళ్లు. ఒక్కో గూటిలో ఒక స్ఫటికపు గిన్నె, గిన్నెలో తైలం, తైలంలో తేలుతూ ఒక జత కళ్లు. నల్లనివి, తేనెరంగువి, ముసలితనంతో నీలిపొర కమ్మినవి, ఇంకా పసితనం వదలని ఆడపిల్లవి. ఇన్నాళ్లుగా ఆకాశం వైపు చూసిన నేరానికి పీఠం తీయించిన కళ్లన్నీ అక్కడే ఉన్నాయి. అవి చూసిందల్లా ఆ క్షణంలోనే నేత్రభైరవుడికి కనిపిస్తుంది. చెంగమ్మ వంశంవాళ్లను అవి పట్టించుకోవు. అరింజయుడు మొదటి మెట్టు మీద కాలు పెట్టగానే ఆ కళ్లన్నీ గిన్నెల్లో గిర్రున తిరిగి అతని మీద నిలిచాయి.

వెనక్కి పరుగెత్తితే దొరికిపోతాడు. ముందుకు పరుగెత్తినా దొరికిపోతాడు. అరింజయుడు కుండ దించి, నడుములో దోపుకున్న మసిగాజు తీశాడు. ఆశ్రమంలో చేరిన రోజున ఆచార్యుడు అతని చేతిలో పెట్టిన గాజు అది. దాన్ని ఎత్తి, ఆ కళ్లకూ సూర్యుడికీ మధ్య పట్టుకున్నాడు.

కళ్లు అతన్ని వదిలేశాయి. మెల్లగా, ఒకదాని వెంట ఒకటి ఆ గాజు వైపు తిరిగాయి. ఎప్పుడో అర్ధాంతరంగా ఆగిపోయిన చూపు వాటికి మళ్లీ దొరికినట్టయింది. పసిపిల్ల కళ్లు పెద్దవయ్యాయి. నీలిపొర కమ్మిన కళ్ల చుట్టూ తైలంలో చిన్న అల లేచింది. ఏడుస్తున్నాయేమో, తైలంలో కన్నీరు తెలియదు.

మెట్ల మలుపులో, అన్ని గూళ్లకూ కనబడే చోట, పిట్టగోడ పగులులో మసిగాజును గుచ్చి నిలబెట్టాడు. దాన్ని వదిలి వెళ్లడం అతనికి కష్టమైంది. కాని ఆ కళ్ల ముందు నుంచి దాన్ని తీసుకుపోవడం ఇంకా కష్టం. కుండ ఎత్తుకుని పైకి పరుగెత్తాడు.

గుమ్మటం మీద రాగిరేకులు పొద్దుటి నుంచి కాగి కాగి ఉన్నాయి. ముసుగు తీసి నడుముకు చుట్టి, చేతులూ మోకాళ్లూ ఆనించి, పాకుతూ వాలు మీదికి చేరాడు. పాలు పారబోసి గాజుబిళ్లను బయటికి తీసి చీరకొంగుతో తుడిచాడు. రంధ్రం పక్కన రాతిలో సన్నటి పగులు ఉంది. దానికి కన్ను ఆనించాడు. కింద మండపం బావి అడుగులా చల్లగా, నల్లగా కనిపించింది. ఆ గుమ్మటానిది ఒక వింత. కింద గుసగుసలాడినా ఆ మాట గోడల వెంట పాకి రంధ్రం దగ్గర వాలుతుంది. పైన చెవి పెట్టినవాడికి పక్కన కూర్చుని మాట్లాడినట్టే వినిపిస్తుంది.

మండపం నిండా జనం. మధ్యలో ఇత్తడి గీత. గీతకు ఈవల నేల మీద మసక అంచుల వెలుగు, ఎవరూ తోయకుండానే మెల్లగా గీత వైపు జరుగుతోంది. దాని పక్కనే బట్టతల మీద నాలుగు తెల్లవెంట్రుకలతో అనిమిషాచార్యుడు నిలబడి ఉన్నాడు. ఎదురుగా నారింజరంగు వస్త్రాల్లో ధ్రువతీర్థుడు. ఆయన వెనక స్తంభానికి చేరగిలబడి, ముంగురులకు ఎముకలు కట్టుకున్న నేత్రభైరవుడు.

ధ్రువతీర్థుడు ఆసనం దిగి ఆచార్యుడి దగ్గరికి వచ్చాడు. జనానికి వినబడనంత మెల్లగా మాట్లాడాడు.

"అనిమిషా, నిన్ను పేరు పెట్టి పిలిచేవాణ్ణి ఇక నేనొక్కణ్ణే మిగిలాను. ఆ ఒక్క మాటా చెప్పెయ్యి. నిన్ను దగ్గరుండి కొండెక్కిస్తాను."

"చూడలేదని చెప్పాలా?"

"అవును."

"చూశానుగా," అని ఆచార్యుడు నవ్వాడు. "నువ్వూ చూశావు. మొన్నటి చలికాలం ఆశ్రమానికి వచ్చినప్పుడు గొట్టం దగ్గర నుంచి నిన్ను లాగలేక చచ్చాను. నీకోసం కాచిన గంజి చల్లారిపోయింది."

"నేను గంజి తాగడానికే వచ్చాను," అన్నాడు ధ్రువతీర్థుడు.

"సరే. గంజే అనుకో."

చిన్ననాడు ఒక దుప్పటి కింద ముడుచుకున్నవాళ్లు ఒక గీతకు చెరోవైపు నిలబడ్డారు. వెలుగు గీతను తాకింది. పూజారులు పాలబిందెలు ఎత్తారు. "దోషి చెప్పడట!" అని నేత్రభైరవుడు వేళ్లు విరుచుకుంటూ ముందుకు వచ్చాడు.

అరింజయుడు గాజుబిళ్లను రంధ్రంలో దించి అదిమాడు.

కింద వెలుగు ఒక్కసారి వణికి, దగ్గరికి ముడుచుకుని, గట్టిపడింది. మసక అంచు పోయి, గీసినట్టు గుండ్రంగా, మిలమిలలాడుతూ పళ్లెమంత సూర్యుడు నేల మీద పరుచుకున్నాడు. ఆ సూర్యుడి ముఖం మీద, నడిమికి కాస్త పక్కగా, ఆవగింజల్లాంటి నల్లటి మచ్చలు గుంపుగా ఉన్నాయి.

బిందె ఎత్తిన పూజారి చేతులు అలాగే ఆగిపోయాయి. అరింజయుడి గుండె ఆనందంతో కొట్టుకుంది. చూశారు! ఇంతమందీ చూశారు!

మొదట కేక పెట్టింది చెంగమ్మ.

"అయ్యో అయ్యో! స్వామికి అమ్మవారు పోసింది!"

ఆ కేకతో మండపం బద్దలయింది. ఆడవాళ్లు మంగళసూత్రాలు కళ్లకద్దుకున్నారు. ఎవరో వేపమండల కోసం పరుగెత్తారు. పూజారులు గుక్కతిప్పుకోకుండా బిందెల మీద బిందెలు ఆ వెలుగు మీద గుమ్మరించారు. నేల తెల్లబడే కొద్దీ మచ్చలు ఇంకా స్పష్టంగా, ఇంకా నల్లగా తేలాయి. పీచుతో రుద్దారు. రుద్దే చేతుల మీదికి మచ్చలెక్కాయి. చేతులు తీస్తే మళ్లీ పాల మీద ఉన్నాయి. చెంగమ్మ బోర్లా పడి, తన చీరకొంగుతో ఆ మచ్చలను ఒత్తుతూ, "పోతండ్రీ, పోనాయనా, చల్లబడు తండ్రీ," అని చంటిబిడ్డకు చెప్పినట్టు చెబుతోంది. ఆమె కన్నీళ్లు పాలల్లో కలిశాయి.

పగులుకు కన్ను ఆనించిన అరింజయుడికి ఆ మాటలన్నీ చెవి పక్కనే వినిపించాయి. స్వామికి ఏమీ కాదని ఆ చెంగమ్మకు తనే ఒట్టు పెట్టాడు.

"పుండ్లు ఊరికే రావు!" నేత్రభైరవుడు గొంతెత్తాడు. "దిష్టి! ఇన్నాళ్లు గొట్టం పెట్టి ఒకడు స్వామి ముఖంలోకి గుచ్చి గుచ్చి చూస్తే దిష్టి తగలదా? ఈయన చూశానంటే నమ్మలేదు మీరు. ఇప్పుడు నమ్మండి. చూశాడు కాబట్టే వచ్చాయి!"

"దిష్టి! దిష్టి!" అని జనం ఊగిపోయారు. "కళ్లు తీయండి! కళ్లు తీస్తే స్వామికి తగ్గుద్ది!"

"ఒక జతతో పోదు." మాంత్రికుడి వేలు పైకి లేచింది. "అక్కడ గుమ్మటం మీద ఇంకొకడున్నాడు. గూళ్లల్లో నా కళ్లన్నీ తిరుగుబాటు చేసి ఆకాశం చూస్తున్నప్పుడే నాకు తెలిసింది. ఈయన శిష్యుడు! వాడి కళ్లూ కావాలి!"

తల పైకెత్తడం అపచారం కాబట్టి జనంలో ఎవరూ పైకి చూడలేదు. అనిమిషాచార్యుడు మాత్రం పాలల్లో నిలిచిన సూర్యుణ్ణి చాలాసేపు చూశాడు. చక్కటి బింబం. అంచుల్లో రంగు చెదరలేదు, నడుమ మసక లేదు. తన జీవితంలో తను కూడా అంత మంచి గాజు పట్టలేదు. ఆయన ముఖంలో గర్వం లాంటిది మెరిసి, అంతలోనే ఆరిపోయింది.

"ఆగండి," అన్నాడు. "అవి మచ్చలు కావు. గాజులో బుడగలు."

మండపం సద్దుమణిగింది.

"ఆ గాజు పోత పోసింది నేను. నా చేతకానితనంతో అందులో బుడగలు ఉండిపోయాయి. కొండ మీద నా గొట్టంలో కనిపించినవీ అవే. పైనున్న పిల్లవాడు నేను చెప్పిన అబద్ధాన్ని నమ్మి మోసుకొచ్చాడు, వాడికేమీ తెలియదు. వాణ్ణి పోనివ్వండి. స్వామి ముఖంలో మచ్చ లేదు. నేను చూడలేదు."

గాజులో బుడగ ఉంటే బింబం కాస్త వెలవెలబోతుందే గాని నేల మీద మచ్చ పడదు. ఆ సంగతి తెలిసినవాళ్లు అక్కడ ముగ్గురే. ఒకడు ఆ మాట అన్నవాడు. ఒకడు గుమ్మటం మీద పగులుకు కన్ను ఆనించి, నోట్లో చీరకొంగు కుక్కుకుని కూర్చున్నవాడు. మూడోవాడు పీఠాధిపతి. ఆయన తల వంచుకుని, "విన్నాం," అన్నాడు.

చెరసాల గాని, ఆకలి గాని, చావు భయం గాని ఆయన చేత చెప్పించలేని మాటను శిష్యుడు తెచ్చిన సాక్ష్యం చెప్పించింది.

"విన్నాం సరే," అన్నాడు నేత్రభైరవుడు, "చూపు ప్రమాణం ఎవరు చేస్తారు?"

ధ్రువతీర్థుడి ముఖం పాలిపోయింది. చూపు ప్రమాణం పీఠంలో పాత ఆచారం. చూడలేదన్నవాడు గీత మీద నిలబడి, తలెత్తి, ఉత్త కళ్లతో రంధ్రంలోని స్వామిని రెప్పవేయకుండా చూస్తూ, వెలుగు గీత దాటేవరకూ ఆ మాట చెబుతూనే ఉండాలి. అబద్ధమైతే స్వామే చూపు తీసుకుంటాడని నమ్మకం. నిజం చెప్పినవాళ్లకూ చూపు పోయింది, కాని పీఠం దాన్ని శిక్షగా ఎంచదు.

"ముసలివాడు, వదిలేద్దాం," అన్నాడు ధ్రువతీర్థుడు.

"ప్రమాణం! ప్రమాణం!" అని జనం గోలపెట్టారు.

ఆచార్యుడే పాలల్లో అడుగులు వేసుకుంటూ వచ్చి గీత మీద నిలబడ్డాడు. నేల మీది సూర్యుడు ఆయన గుండెల మీదికి, గడ్డం మీదికి ఎక్కాడు. "ఎన్నడూ ఉత్త కళ్లతో చూడకు" అని శిష్యుడికి రోజూ చెప్పిన మనిషి మెల్లగా తలెత్తసాగాడు.

గాజు అలాగే ఉంటే మచ్చలు ఆయన నుదుటి మీదే నిలబడి అందరికీ కనిపిస్తాయి. ఎప్పటికైనా ఎవడో ఒకడు, దిష్టి కాదు, బుడగ కాదు, అది సూర్యుడే అని తెలుసుకోవచ్చు. అయినా అరింజయుడు రెండు అరచేతులూ చాచి గాజును కప్పేశాడు.

మండపం కటికచీకటి అయింది. కింద జనం గగ్గోలు పెట్టారు. "స్వామి ముఖం తిప్పుకున్నాడు!" "పోయాడు, స్వామి పోయాడు!" పిల్లలు ఏడ్చారు. అరింజయుడు చేతులు తీయలేదు. తీస్తే ఎండ ఆ కళ్లలోకే దిగుతుంది. కప్పిన చేతుల అంచులు కాలే రాగికి ఆనుకుని ఉన్నాయి. ముంజేతుల చర్మం రేకుకు అంటుకుపోతోంది. సూర్యుడు గీత దాటేదాకా అలా ఉండాలి. సూర్యుడికి ఆ రోజు తొందర లేదు.

వెనక మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఎముకలు గలగలమన్నాయి. ఎక్కడో మసిగాజు భళ్లున పగిలింది. అరింజయుడు తల తిప్పలేదు.

"తీసెయ్ నాయనా," అని కింది నుంచి గురువు గొంతు పాకి వచ్చింది. "చేతులు తీసి పారిపో. నా కళ్లు చూడాల్సినవి చూశాయి."

అరింజయుడు చేతులు ఇంకా గట్టిగా అదిమాడు.

అడుగులు అతని వెనకే ఆగాయి. "నా కళ్లన్నిటికీ ఆకాశం చూపించావురా," అన్నాడు నేత్రభైరవుడు. "ఇక అవి నా మాట వింటాయా?" పొడవాటి నీడ ఒకటి వచ్చి అతని వీపు మీద, తల మీద, చేతుల మీద, గాజు మీద పరుచుకుంది. రంధ్రం ఆ నీడలో మునిగింది.

ఇక చేతులు తీసినా కిందికి ఎండ దిగదు. అరింజయుడు చేతులు ఊడబెరుక్కుని గాజు మీదికి వంగాడు. తను అరగదీసిన ఆ గాజులో, ఆకాశపు మసక వెలుగుకు, గురువు ముఖం ఎదురుగా కూర్చున్నంత దగ్గరగా కనిపించింది. పైకెత్తిన కళ్లు చెక్కుచెదరలేదు. కంటి కొసల్లో పాలచుక్కలు. ఆయనా అతన్ని చూశాడు. చెప్పాల్సినవి ఇద్దరి దగ్గరా చాలా ఉన్నాయి.

"చేతులు కాలాయా నాయనా?" అని అడిగాడు అనిమిషాచార్యుడు.

"కాలలేదు గురుదేవా."

అంతలో ధ్రువతీర్థుడి గొంతు చీకట్లో గట్టిగా పలికింది. "వేళ దాటింది. ప్రమాణం ముగిసింది. కళ్లు ఆయనవే. కిటికీ లేని గదికి తీసుకువెళ్లండి." చేతులు వచ్చి ముసలాయన్ను రెండువైపులా పట్టుకున్నాయి. ఆ ముఖం గాజు అంచు దాకా జరిగి, అంచు దాటి పోయింది.

నేత్రభైరవుడి వేళ్లు అరింజయుడి జుట్టులో దిగాయి. అరింజయుడు గాజుబిళ్లను పెకలించి గుండెకు హత్తుకుని, మాంత్రికుడి కాళ్ల మీదికి ఒరిగాడు. ఇద్దరూ కలిసి కాలే గుమ్మటం మీద దొర్లారు. మాంత్రికుడి ముంగురుల ఎముకలు విరిగాయి, రాగిరేకులు చప్పుడుచేశాయి. అంచు దగ్గర మాంత్రికుడు చూరు మీది రాతి గరుడబొమ్మ రెక్క పట్టుకుని ఆగిపోయాడు. అరింజయుడు అంచు దాటి పోయి, గుండె దగ్గరి గాజు వదలకుండా, ఒంటిచేత్తో చూరు పట్టుకుని గాలిలో వేలాడాడు. కింద నగరమంతా బొమ్మరిల్లులా తిరుగుతోంది. పైనుంచి మాంత్రికుడి చెయ్యి అతని మణికట్టు కోసం వెతుకుతోంది.

లోపల ఒక్కసారిగా నగారా మోగింది. వెలుగు మళ్లీ నేల మీద పడిందట. మసక అంచులతో, పాలలా తెల్లగా, ఎప్పటిలాగే ఉందట. దాని ముఖంలో ఒక్క మచ్చయినా లేదని జనం ఆనందంతో ఒకరినొకరు కావలించుకుని ఏడుస్తున్న చప్పుడు, రాతిగోడ అవతలి నుంచి, వేలాడుతున్న అరింజయుడికి స్పష్టంగా వినిపించింది.